ఆకాశాన్ని నిల్వ పెట్టిన పదకొండు రోజులు

ఆ రోజుల్లో మా నారాయణఖేడ్ బజారులో పుట్టిన పిల్లవాడికి నడక కంటే ముందు బేరం వచ్చేది. మా అమ్మ నాలుగు ముద్దలు తినమంటే నేను ఏడ్చి, అలిగి, లేచిపోతున్నట్టు నటించి రెండున్నరకు ఒప్పించేవాడినట. (ఈ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. పెరిగాక నేను ఆడిన బేరాల మాట మాత్రం ఎవరూ ఎత్తరు.) అటువంటి నేను ఇరవై మూడేళ్ల వయసులో, అంటే రెండువేల మూడో నాలుగో సంవత్సరం అనుకోండి, భూమ్మీది జనం చాలనట్టు, నక్షత్రాల దగ్గర ఎవరైనా ఉంటే వాళ్లతో కూడా బేరం పెట్టుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత తలుచుకుంటే సిగ్గు కన్నా ముందు నవ్వు వస్తోంది. అంటే ఇక చెప్పుకోవచ్చన్నమాట.

మాది అడ్తి దుకాణం. చుట్టుపక్కల ఊళ్ల రైతులు కందులు, జొన్నలు, పెసర్లు తెచ్చి మా ముందు దించితే, బాపు వాటిని తూచి, ధర కుదిర్చి, మిల్లుల వాళ్లకు అమ్మిపెట్టేవాడు. మా తాత కూర్చున్న గద్దె మీదే బాపు కూర్చున్నాడు. ఆ పరుపులో నా కోసం కూడా ఒక గుంట ముందే తయారై ఉంది. నేను హైదరాబాదులో డిగ్రీ చదివి, ఆ గుంటలోకి దిగకుండా, ముక్కలు ముక్కలుగా కొని బిగించుకున్న ఒక కంప్యూటరుతో బస్సు దిగాను. కాంటాకూ టెలిఫోనుకూ మధ్యనున్న మూలలో బల్ల వేసి, దరఖాస్తులు, పెళ్లిపత్రికలు టైపు చేసి ఇస్తానని అట్టముక్క మీద రాసి వేలాడదీశాను. బాపు ఆ అట్టముక్కను అద్దాలు పెట్టుకుని చదివాడు, తీసి చదివాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఈ డబ్బ ముందట ఎన్నొద్దులు కూసుంటవు?"

"జర టైం ఇయ్యి బాపు. ఏడాది."

"దసరా."

"ఎండకాలం దాక."

"కొత్త కందులు."

కొత్త కందుల దగ్గర బేరం తెగింది. అయితే మా బాపు షరతు లేకుండా బేరం ముగించే మనిషి కాదు. "బజార్ల నిన్ను అందరు 'సేటు కొడుకు' అనే అంటరు. నువ్వు నీ పని చేస్తున్నవంటె నీకంటూ ఒక పేరుండాలె. కొత్త కందులు వచ్చేలోపల ముగ్గురంటె ముగ్గురు మన దుకాణంకు వచ్చి, నన్ను కాదు, నీ పేరు పెట్టి నిన్ను అడగాలె. అడిగితె ఆ మూల నీదే, నేను నోరు తెరువ. అడగకపోతె టేబులు అటక మీదికి, నువ్వు గద్దె మీదికి."

నాకు లోపల నవ్వొచ్చింది. ముగ్గురే కదా! తీరా చూస్తే మూడు నెలల్లో ఒక్కరూ అడగలేదు. ఆదాయం సర్టిఫికెట్ దరఖాస్తు రాయించుకున్నవాడు కూడా కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "సేటు కొడుకు మంచిగ కొట్టిండు" అని మా బాపుకే చెప్పి పోయేవాడు. మా బజారులో పేరనేది బారసాల నాడు పెట్టి, పెళ్లినాడు పత్రికలో వేసి, మధ్యలో ఎవరూ వాడకుండా దాచిపెట్టే వస్తువు.

అప్పుడు వచ్చాడు హాస్టల్లో నా గదిలో ఉన్న మిత్రుడు, చేతిలో ఒక సీడీతో. సముద్రాల అవతల ఎక్కడో కొండల నడుమ ఒక పెద్ద గిన్నెలాంటి యాంటెన్నా ఉందనీ, అది రాత్రింబవళ్లు ఆకాశం నుంచి వచ్చే రేడియో చప్పుడు పట్టుకుంటుందనీ, ఆ చప్పుడంతా వెతకడానికి అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయం వాళ్ల కంప్యూటర్లు చాలక, దాన్ని చిన్న చిన్న ప్యాకెట్లు చేసి లోకంలో అడిగినవాళ్లందరికీ పంపుతున్నారనీ చెప్పాడు. మన కంప్యూటరు ఖాళీగా ఉన్నప్పుడు ఆ ప్యాకెట్టును జల్లెడ పడుతుంది. అయిపోయాక ఫలితం తిరిగి పంపి ఇంకో ప్యాకెట్టు తెచ్చుకోవాలి. ఆ చప్పుట్లో ఎక్కడైనా ఎవరో కావాలని పంపిన సిగ్నల్ ఉందేమో అన్నదే వెతుకులాట.

"కూలి ఎంతిస్తరు?" అన్నాను.

"ఏమియ్యరు."

"ప్యాకెట్టుకు ఇంత అని గూడ లేదా?"

"అరే, ఇది మనంతట మనం చేసే సేవ రా!"

మా వంశంలో ఎవరూ ఉత్తపుణ్యానికి జల్లెడ పట్టిన దాఖలా లేదు. సీడీ తిరిగి అతని చేతిలో పెట్టబోతున్నాను. అప్పుడు అతను అన్నాడు: "ఎవని ప్యాకెట్ల సిగ్నల్ దొరికితె వాని పేరు లోకమంత తెలుస్తది." పేరు! ముగ్గురేం ఖర్మ, లోకమంతా! సీడీ వెనక్కి లాక్కున్నాను.

ఒక్క కంప్యూటరుతో ఆకాశం ఎప్పటికి తెమలాలి? పక్క గల్లీలో చర్చి వెనక టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే అక్క దగ్గరికి పోయాను. పాస్టరయ్య బిడ్డ. ఊళ్లో సగం మందికి వేళ్లు ఎక్కడ పెట్టాలో నేర్పిన మనిషి. ఆమె దగ్గర ఎనిమిది టైపు మిషన్లు, మూడు కంప్యూటర్లు ఉండేవి. వాటిని నా పేరు మీద నడిపించమని అడిగాను.

"నా మిషన్ల మీద నీ పేరెందుకు తమ్మీ?"

"సగం పేరన్న నాది పెట్టక్క."

"సగం పేరేంది, చింతపండా? ఎవరి పేరు వాళ్లది." ఆ బేరం తెంపేసి ఆమె అంది: "దేవుడు ఇంత పెద్ద ఆకాశం చేసి మనల్ని ఒక్కళ్లనే పెట్టిండంటె నాకూ నమ్మబుద్ధి కాదు. నడిపిస్త. కాని ఒక్కటి. ఏమన్న దొరకనీ, దొరకకపోనీ, వచ్చిన లెక్క వచ్చినట్టు పంపాలె. ఒప్పుకుంటవా?"

వెంటనే ఒప్పుకున్నాను. (బేరం లేకుండా వెంటనే ఒప్పుకున్నవాణ్ని నమ్మకూడదని పాపం ఆమెకు ఎవరూ చెప్పలేదు.)

అలా మా ఊరి నుంచి నాలుగు కంప్యూటర్లు ఆకాశాన్ని జల్లెడ పట్టడం మొదలుపెట్టాయి. దుకాణంలో ఉన్నది ఒకే టెలిఫోను. దానికి నా కంప్యూటరు తీగ తగిలిస్తే హైదరాబాదు నుంచి బాపుకు ధరలు చెప్పే ఫోను రాదు. అందుకని బాపు భోజనానికి లేచిన పావుగంటలో నేను పాత ఫలితం పంపి కొత్త ప్యాకెట్టు దించుకోవాలని ఒప్పందం. ఇంకో చిక్కు దుమ్ము. అడ్తి దుకాణంలో గాలి కంటే కంది పొట్టే ఎక్కువ. సరుకును కాపాడేది గోనె అన్నది మాకు పుట్టుకతో వచ్చిన నమ్మకం కనుక, కంప్యూటరు పెట్టె మీద రెండు పొరల గోనెసంచి నిండా కప్పి, తెర ఒక్కటి బయటకు కనబడేలా ఉంచాను. చలికాలంలో పిల్లికూనలు దాని చుట్టూ చేరి పడుకునేవి. నేను దాన్ని శుభసూచకం అనుకున్నాను.

పని జరుగుతున్నంత సేపూ తెర మీద రంగురంగుల గీతలు గాలికి జొన్నచేను ఊగినట్టు ఊగేవి. రెండు నెలలు అలా ఊగుతూనే ఉన్నాయి. ఒకనాడు పొద్దున పదకొండు గంటలకు, నేను సాసర్లో చాయ్ పోసుకుని ఊదుకుంటూ తల ఎత్తితే, ఆ చేను నడుమ ఒక తాటిచెట్టు లేచి ఉంది. గీతల ఎత్తు చెప్పే అంకె, ఎప్పుడూ ఒకటికీ రెండుకూ మధ్య తచ్చాడేది, వందలు దాటింది. చాయ్ నా బనియను మీద ఒలికింది. కాలిందని రెండు రోజుల తర్వాత గాని తెలియలేదు.

"దొరికిండ్రు!" అని అరిచాను.

బాపు ఫోను చేత్తో మూసి అడిగాడు: "ఎవలు? పోయినేడు బస్తాలు ఎత్కపోయినోళ్లా?"

"కాదు బాపు! పైనోళ్లు!"

ఆ మాట మొదట పట్టుకున్నది దస్తి కాక. ఆయన మా బజారులో దలాలి. అమ్మేవాడి చెయ్యీ కొనేవాడి చెయ్యీ తన దస్తీ గుడ్డ కింద కలిపి, వేళ్లు నొక్కి ధర తేల్చేవాడు. పైన నవ్వులు, కింద వేళ్లు. నోటితో ఒక్క అంకె కూడా పలికేవాడు కాదు. ఆయన తెర ముందు గొంతుకూర్చుని తాటిచెట్టును చాలాసేపు చూసి, "గిది వేలు" అన్నాడు.

"ఎవరిది కాకా?"

"ఎవలిదో ఏమెర్క. కాని గంత దూరంకెళ్లి ఊకె ఎవడు వేలు చూపియ్యడు. అమ్మెటోడన్న అయితడు, కొనెటోడన్న అయితడు. మంచిగున్నరా అని అడగనీకె ఎవడు గింత తక్లీఫ్ పడతడు?"

గంటలో బజారంతా మా దుకాణం ముందు ఉంది. జొన్నలు అమ్ముకోవడానికి వచ్చిన నాగల్‌గిద్ద రైతు ఒకాయన జనాన్ని తోసుకుని వచ్చి, "హౌదా? ఏ భాషల మాట్లాడిండ్రు? కన్నడనా, తెలుగా?" అని అడిగాడు.

"ఇంక మాట్లాడలే. గీత గీసిండ్రు."

"అయితె సంతకం రానోళ్లన్నట్టు," అని జాలిపడ్డాడు. కూలి పనికి హైదరాబాదు బస్సెక్కబోతున్న సిర్గాపూర్ ఆడమనిషి ఒకామె మూట నెత్తిన పెట్టుకునే అడిగింది: "ఆడ కట్టడం పనులు నడుస్తున్నయా బిడ్డా? కూలి ఎంతిస్తరట?" కనుక్కుని చెబుతానన్నాను. నిజంగానే కనుక్కుందామనుకున్నాను కూడా. నా గుండె ఆ రోజంతా నూర్పిడి మిషనులా కొట్టుకుంటూనే ఉంది. మా ఊళ్లో, మా దుకాణంలో, మా కాంటా పక్కన, నా బల్ల మీద! ఒళ్లు ఒకచోట నిలవలేదు. చెప్పులు లేకుండా గల్లీ దాటి అక్క దగ్గరికి పరుగెత్తి, ఊపిరి అందక తాటిచెట్టును చేతులతో చూపించాను.

"పంపినవా మరి?" అంది అక్క.

ఇక్కడే, లోకంలో ఇంకెవరూ చెయ్యని, అడ్తి దుకాణంలో పుట్టినవాడు తప్ప చెయ్యలేని పని నేను చేశాను. మధ్యాహ్నం బాపు భోజనానికి లేచాడు, జల్లెడ పూర్తయింది, ఫలితం పంపనా అని కంప్యూటరు అడుగుతోంది. నా చెయ్యి తీగ మీద ఉంది. దస్తి కాక నా మణికట్టు పట్టుకున్నాడు. "పాగల్ గాడివా? సరుకు దుకాణం దాటినంక ధర మాట్లాడితె ఎవడింటడు? నమూనకు పిడికెడు చూపియ్యి. బస్తా మూతి కుట్టు." ఆ మాట నా రక్తంలోకి సూటిగా పోయింది. అది తాత మాట, బాపు మాట, గద్దె మాట. తీగ పీకి చుట్టచుట్టి గల్లాలో పెట్టి తాళం వేశాను. కందులు నిల్వ పెట్టినవాళ్లున్నారు, చింతపండు నిల్వ పెట్టినవాళ్లున్నారు. ఆకాశం నిల్వ పెట్టినవాణ్ని నేనే.

మర్నాడు అక్క ఇన్‌స్టిట్యూట్ నుంచి ఆ విశ్వవిద్యాలయానికి ఈమెయిల్లో ఉత్తరం. నేను చెబుతుంటే ఆమె ఇంగ్లీషులో కొట్టింది. మా వద్ద ఒక మేలురకం సిగ్నల్ ఉంది, పూర్తి వివరం తమ జవాబు చూసిన మీదట, ప్రతిఫలంగా మాకు పేరు, ఆ పైన నారాయణఖేడ్, జహీరాబాద్, బీదర్ ప్రాంతాలకు ఆ పైవాళ్లతో మాట్లాడే ఏజెన్సీ. అక్క వేళ్లు ఆగాయి.

"బీదర్ ఎందుకు తమ్మీ? అది కర్ణాటక."

"అడగనీకె పెట్టిన అక్క. బీదర్‌ను వాళ్లు కొట్టేస్తరు, మనం బాధపడినట్టు చేస్తం, జహీరాబాద్ మిగుల్తది."

"నేను కొట్టేది కొడుత. నా పేరు మాత్రం కింద పెట్టకు," అంది ఆమె.

నాలుగో రోజున జవాబు రానే వచ్చింది. రెండే వాక్యాలు: మీ ఆసక్తికి కృతజ్ఞతలు, ఫలితాలు ప్రోగ్రాం ద్వారానే పంపగలరు. దాన్ని కాగితం మీద అచ్చుతీసి దస్తి కాకకు చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"కాదన్నడా?"

"అనలే."

"పొమ్మన్నడా?"

"అనలే."

"మరింకేంది? కొనుడిష్టం లేనోడు జవాబియ్యడు. నిలవడ్డడు. ఇగ వాడే పెంచుతడు, సూడు."

రెండో ఉత్తరంలో పెద్దమనసు చేసుకుని బీదర్ వదులుకున్నాను. దానికి జవాబు లేదు. "సోంచాయిస్తుండు, ఆలోచన చేస్తుండు," అన్నాడు కాక. నేను సంతోషంతో అన్నం సరిగ్గా తినలేదు. జనం రోజూ వచ్చి తెర మీద నిలబెట్టి ఉంచిన తాటిచెట్టు బొమ్మను చూసి పోతున్నారు. బోరంచ నల్లపోచమ్మకు మొక్కు తీర్చుకుని వస్తున్న కుటుంబమొకటి టాటా సుమో ఆపి మరీ దిగింది. బాపు అందరికీ మంచినీళ్లు ఇప్పించాడు. తీగ గల్లాలో ఉంది గనుక ఫోను ఖాళీ, ధరలు ఆటంకం లేకుండా వస్తున్నాయి. ఆయనకేం ఫిర్యాదు? ఒక్కటే మాట అడిగేవాడు, అదీ రోజూ: "ఇంతమంది వస్తుండ్రు. నీ పేరు పెట్టి ఎవరన్న అడిగిండ్రా?"

అదే నా గుండెలో ముల్లు. ఒక్కరూ అడగలేదు. అందరూ వచ్చి, "సేటు కొడుకుకు సుక్కలోళ్లు దొరికిండ్రట గదా, యాడ?" అంటున్నారు. నాగల్‌గిద్ద వైపు కంది కోతలు మొదలయ్యాయని కబురొచ్చింది. వారం, పది రోజులు, అంతే. విశ్వవిద్యాలయం వాడు ఒక్క అడుగు ముందుకు వేస్తే లోకమంతా నా పేరు అడుగుతుంది. వెయ్యకపోతే నేను గద్దె మీదికి, బల్ల అటక మీదికి.

తొమ్మిదో రోజు పొద్దున అక్క తానే మా దుకాణానికి వచ్చింది. గద్దె మీద బాపు, పక్కన దస్తి కాక, ముందు పదిమంది రైతులు.

"తమ్మీ, నా మూడు మిషన్లల్ల ఇన్ని ప్యాకెట్లు తీస్తె ఒక్కదాంట్ల గూడ గసొంటిది రాలే. నీ ప్యాకెట్టు ఇంక నీ తానే ఉన్నది గదా, పంపలే గదా? దాన్ని నా మిషన్ల మీద ఇంకొకసారి నడిపిస్తం. నిజమైతె ఆడ గూడ లేస్తది. గంతే. రెండో కాంటా మీద తూచినట్టు."

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: అడ్తి దుకాణంలో 'రెండో కాంటా' అన్న మాట మామూలు మాట కాదు. రైతు ఆ మాట అన్నాడంటే తూకం మీద అనుమానం ఉందని. దుకాణదారు దానికి జంకాడంటే అనుమానం నిజమని. అందుకే ఆ మాట ఎవరూ తేలిగ్గా అనరు, ఎవరూ తేలిగ్గా కాదనరు. నేను, మీ మిషన్లు పాతవి కదా అక్కా అని ఏదో అనబోయాను. బాపు గద్దె దిగాడు. ఎండాకాలంలో కూడా మధ్యాహ్నం దాకా దిగని మనిషి.

"తూపియ్యి," అన్నాడు.

ప్యాకెట్టును ఫ్లాపీలోకి ఎక్కించాను. దస్తి కాక దాన్ని తన దస్తీలో చుట్టి, పెండ్లికొడుకును తీసుకుపోయినట్టు ముందు నడిచాడు. వెనక నేను, బాపు, పదిమంది రైతులు. రాత్రి మూసేసే ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క ప్యాకెట్టు తెమలాలంటే ఒకటిన్నర పగలు పట్టేది. ఆ ఒకటిన్నర పగలూ టైపు నేర్చుకునే ఆడపిల్లలు ఏ ఎస్ డి ఎఫ్ కొడుతూనే ఉన్నారు, నేను తెర ముందు నుంచి లేవలేదు. కరెంటు రెండుసార్లు పోయింది, వచ్చింది. నా కంప్యూటరులో తాటిచెట్టు లేచింది దాదాపు ముప్పావు వంతు దగ్గర. పదో రోజు మధ్యాహ్నం జల్లెడ అక్కడికి వస్తుంటే బాపు ఆ పిల్లల బెంచీ మీద ఇరుక్కుని కూర్చుని, అద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. వచ్చింది. దాటింది. చేను ఊగుతూనే ఉంది. చెట్టూ లేదు, పుట్టా లేదు.

"ఇంకొంచెం ముందటికి ఉందేమో," అన్నాను.

"ఉందేమో," అంది అక్క మెత్తగా. చివరిదాకా చూశాం. లేదు.

ఆమె నేరుగా మా దుకాణానికి నడిచి, నా కంప్యూటరు మీది గోనెసంచి ఎత్తి, పెట్టె మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది. "ఓ ప్రభువా! దీని మీద రొట్టెలు కాల్చొచ్చు గదా తమ్మీ!" పెట్టె విప్పితే లోపల నుంచి సోలెడు కంది పొట్టు రాలింది. లోపలి చిన్న ఫ్యాను పొట్టు కూరుకుని ఎప్పుడో ఆగిపోయింది. మిషను మరీ వేడెక్కితే ఆగిపోకుండానే లెక్కలు తప్పు చేస్తుందని ఆమెకు మిషన్లు బాగుచేసేవాడు ఒకసారి చెప్పాడట. గోనె తీసి, పొట్టు దులిపి, ఫ్యాను తిప్పి, అదే ప్యాకెట్టును నా దాంట్లోనే రాత్రంతా ఆపకుండా మళ్లీ నడిపించాం. పదకొండో రోజు మధ్యాహ్నానికి నా తెర మీద కూడా చేను చదునుగా ఊగింది. పిల్లికూనలు అప్పటికే ఇంకో చోటు చూసుకున్నాయి.

ఆ రోజు అంగడి. బయట జనం ఎదురుచూస్తున్నారు. దస్తి కాక నన్ను బస్తాల వెనక్కి లాగి, గుసగుసగా నాకు దారి చూపించాడు. "పంపించినం, వాళ్లే గుంజుకున్నరని చెప్పు. సరుకు దారిల తడిసిందని చెప్పు. ఎవడు పోయి సూస్తడు?" నిజం చెబుతున్నాను, ఆ మాట నాకు చాలా నచ్చింది. అందంగా ఉంది. దానితో నా పరువు మిగులుతుంది, ఎవరైనా నా పేరు అడుగుతారన్న ఆశా మిగులుతుంది. అక్క గుమ్మంలో నిలబడి నన్ను చూస్తోంది, ఏమీ అనడం లేదు. ఏమన్నా అని ఉంటే బేరమాడేవాణ్ని. అనలేదు గనుక ఎటూ తోచక, పోయి కాంటా పలక ఎక్కాను.

"ఎవలు పిలువలే. నా మిషను తప్పు. రెండో కాంటా మీద తూసినం, దొరకలే. నాది గూడ బాగ చేసి మల్ల తూసిన, దొరకలే. గా చెట్టు మన కంది పొట్టు."

బజారంతా ఒక్కసారిగా పగలబడి నవ్వింది. "పొట్టు మాట్లాడిందిరా!" "ఏ ఊరి కందులు, అమెరికాకు ఉత్తరం రాసినయి?" "సేటు, నీ కొడుకు పొట్టు గూడ అమ్ముతుండు!" నవ్వనివాడు ఆ నాగల్‌గిద్ద రైతు ఒక్కడే. నన్ను కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చూసి వెళ్లిపోయాడు. నేను చెవులు మండుతుండగా గల్లా తెరిచి, తీగ తగిలించి, గోనె తీశాక వచ్చిన లెక్కను వచ్చినట్టు పంపేశాను. పంపడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

మర్నాడు పొద్దున నేను బల్ల ఖాళీ చేస్తూ ఉన్నాను. కొత్త కందుల టెంపో మలుపు తిరిగి వస్తున్న చప్పుడు వినబడింది. సరిగ్గా మా ముందే ఆగింది. ఇక అయిపోయింది, అటక నిచ్చెన కోసం చూస్తున్నాను. టెంపోలోంచి నాగల్‌గిద్ద రైతు, వెనక ఆయన తమ్ముడు, ఆ వెనక మేనల్లుడు దిగారు. బాపు "రాండ్రి, రాండ్రి" అని లేచాడు. ఆ రైతు బాపును దాటి లోపలికి చూస్తూ, నా పేరు, మా అమ్మ పెట్టిన పేరు, ముక్క తగ్గకుండా పలికి, "ఉన్నడా?" అని అడిగాడు. తమ్ముడూ అదే పేరు పలికాడు. మేనల్లుడు చిన్నవాడు గనుక చివర 'అన్న' చేర్చాడు. ముగ్గురు!

నేను బల్ల మీదుగా ఎగిరి గద్దె దాకా వచ్చాను. "బాపు! ముగ్గురు!"

"కొత్త కందులు వచ్చేలోపల అన్న," అన్నాడు బాపు నింపాదిగా. "వచ్చినయి, గవ్వో."

"టెంపోల ఉన్నయి. సరుకు కాంటా ఎక్కేదాక వచ్చినట్టు కాదు. ఈ మాట రైతులకు రోజు నువ్వే చెప్తవు."

బాపు మీసం కింద ఏదో కదిలింది. తన సూత్రం తనకే ఎదురొస్తే ఏ వ్యాపారికైనా అది ఓడిపోయిన సంతోషం. "ఒప్పుకున్న. మూల నీదే." ఆ తర్వాత రైతు వైపు తిరిగాడు. "ఇంతకు ఈయనతోటి ఏం పని?"

"నిన్న ఈ పిలగాడు తన తప్పు తానే రెండుసార్లు తూసుకోని, నలుగురిల చెప్పిండు. నా ఉమర్ల గసొంటోన్ని సూడలే. పేరేందని మీ దలాలిని అడిగి తెలుసుకున్న. నా కందులు ఈయన తూస్తనే దించుత."

దుకాణంలో మొదట నవ్వింది దస్తి కాక, తర్వాత బాపు, నవ్వీ నవ్వీ అద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. గద్దె తప్పించుకోవడానికి ఆకాశం దాకా పోయి వెతికినవాణ్ని పేరు పెట్టి పిలిచింది కాంటా! అక్కడికక్కడే కొత్త బేరం కుదిరింది: పొద్దున కాంటా, మధ్యాహ్నం నుంచి కంప్యూటరు. నేను రెండు పూటలూ కంప్యూటరని అడిగి, ఒక పూటకు దిగాను. బాపు కూడా ఎక్కడో దిగే ఉంటాడు, ఎక్కడ దిగాడో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఆ తర్వాత పదేళ్లకు పైగా, కంప్యూటర్లు మారినా, తీగలు పోయి గాలిలోనే ఇంటర్నెట్ వచ్చినా, నేనూ అక్కా ఆ ప్యాకెట్లు జల్లెడ పడుతూనే ఉన్నాం. గోనె మాత్రం కప్పలేదు. ఏమీ దొరకలేదు. అయినా ఇప్పుడు తలుచుకుంటే, చాయ్ ఒలికిన బనియనుతో చెప్పుల్లేకుండా గల్లీలో పరుగెత్తిన ఆ కుర్రవాణ్ని చూసి నాకు కొంచెం అసూయే. తర్వాత నా జీవితంలో నిజమైన మంచి వార్తలు చాలానే వచ్చాయి, దేనికీ నేను అంత వేగంగా పరుగెత్తలేదు. పాపం, వాడికి తెలియదు ఆ పదకొండు రోజులే తన పంట అని. మా బాపు ఆ మాట ఎప్పుడూ ఎత్తి ఎగతాళి చెయ్యలేదు. కాకపోతే ఆ ఏడాది నుంచి, భోజనం చేసి వచ్చి గద్దె ఎక్కే ముందు నా బల్ల దగ్గర ఒక్క క్షణం ఆగి, తెర మీద ఊగే చేను వైపు చూసి, మిల్లు ధర అడిగినంత మామూలుగా అడిగేవాడు:

"ఇయ్యాల ఏమన్న వచ్చిందా?"

"రాలే బాపు."

"రాని తియ్యి. దూరంకెళ్లి రావాలె గదా, జర టైం పడుతది."